అరిగింది, జారింది, పట్టేసింది



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతున్నదో ఆ గురువుగారు మాకు ఎముకల వైద్యం నేర్పారు. రౌండ్స్‌లో ఆయనకో పట్టింపు ఉండేది. కేసు చెప్పే హౌస్ సర్జన్ ముందుగా రోగి అన్న మాటను రోగి అన్నట్టే చెప్పాలి. ఇంగ్లీషులో మొదలుపెడితే చెయ్యెత్తి ఆపేసేవారు. "ఆవిడ ఏమంది? నొప్పి అందా, సలుపు అందా, పీకుతోంది అందా?" అని అడిగేవారు. చెప్పలేకపోతే మళ్ళీ మంచం దగ్గరికి పోయి అడిగి రావలసిందే. ఆ అలవాటు నాకూ అంటుకుంది. సర్వీసంతా ఓపీలో కూర్చుని విన్న మాటలే ఇవాళ నేను మీ ముందు పెట్టబోయే సరుకు.

వైద్య పరిభాష అనగానే సభల్లో చర్చ ఒకే దారిన పోతుంది, ఇంగ్లీషు మాట ఉంచాలా, తెలుగు చెయ్యాలా అని. నాకు ఆ తగువులో ఆసక్తి తక్కువ. నేను అడిగేది వేరు. ఆ మాట విన్న మనిషి ఇంటికి పోయి ఏం చేస్తాడు? లేచి నడుస్తాడా, మంచం ఎక్కుతాడా? తాగే నీళ్ళు మారుస్తాడా, తైలం సీసా కొంటాడా? జబ్బుకు పెట్టిన పేరు మంచిదో చెడ్డదో అక్కడ తేలుతుంది. ఏ భాషలోంచి వచ్చిందన్నది రెండో సంగతి.

ముందు ఒక భ్రమ వదిలించుకుందాం. లాటిన్ పేర్లు శాస్త్రీయమైనవనీ మన పేర్లు మోటువనీ మనలో చాలామందికి లోపల్లోపల నమ్మకం. ఆ లాటిన్ పేర్లలో చాలావరకు ఉన్నది రోమన్ల ఇంటి సామానే. టిబియా అంటే పిల్లనగ్రోవి. ఫిబ్యులా అంటే బట్టకు గుచ్చుకునే పిన్ను. క్లావికిల్ అంటే చిన్న తాళంచెవి. తుంటి కీలులో బంతి కూర్చునే గుంట పేరు ఎసిటాబ్యులమ్, అంటే వాళ్ళు భోజనాల బల్ల మీద పెట్టుకునే వెనిగర్ గిన్నె. ముడ్డిపూసకు కోకిల ముక్కు పేరు పెట్టారు. మణికట్టులో ఉన్న 8 చిన్న ఎముకల్లో ఒకటి పడవ, ఒకటి నెలవంక, ఒకటి బఠాణీ గింజ. పటెల్లా అంటే చిన్న పళ్ళెం. మనవాళ్ళు దాన్నే చూసి మోకాలి చిప్ప అన్నారు. ఎవరి వంటింట్లోంచి వాళ్ళు పేరు తెచ్చుకున్నారు, అంతే తేడా.

పైగా ఆ పేర్లు కూడా మొదటి నుంచీ ఒక క్రమంలో లేవు. 19వ శతాబ్దం చివరికి యూరప్‌లో ఒక్కో భాగానికి ఊరికో పేరు, పుస్తకానికో పేరు అయింది. సుమారు 5,000 శరీర భాగాలకు 50,000 దాకా పేర్లు తేలాయి. 1895లో బాసెల్ నగరంలో శరీర శాస్త్రజ్ఞులు కూర్చుని వాటిని ఒక జాబితాకు కుదించారు. తర్వాత 1998లో కొత్త జాబితా వచ్చింది. మనుషుల పేర్లు తీసేయాలని కూడా అనుకున్నారు. జాబితాలోంచి పోయాయి గాని వార్డుల్లోంచి పోలేదు. కిందపడి చెయ్యి ఆనించి మణికట్టు విరగ్గొట్టుకున్న ప్రతి పెద్దావిడ చీటీ మీదా 1814లో ఆ విరుపును వర్ణించిన డబ్లిన్ సర్జన్ కోలిస్ పేరు ఇప్పటికీ పడుతూనే ఉంది.

మన దేశంలో సుశ్రుతుడు ఎముకలు 300 అన్నాడు, చరక సంహిత 360 అంది. ఇప్పటి లెక్క 206. దాన్ని పట్టుకుని నవ్వేవాళ్ళూ ఉన్నారు, ఆనాడే అన్నీ తెలుసని తొడకొట్టేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరూ లెక్క విప్పి చూడరు. చరకుడి లెక్కలో పళ్ళున్నాయి, పంటి గూళ్ళున్నాయి, గోళ్ళు కూడా ఉన్నాయి. సుశ్రుతుడు తరుణాస్థి అని మెత్తటి ఎముకల్ని, అంటే మనం కార్టిలేజ్ అనేవాటిని కూడా కలుపుకున్నాడు. ఏది ఎముక అన్న గీత ఎక్కడ గీస్తే లెక్క అక్కడికి వస్తుంది. నాకు లెక్క కన్నా సుశ్రుతుడు విరుపులకు పెట్టిన పేర్లు ముచ్చటగా ఉంటాయి. ఎముక మధ్యలో విరిగేవి 12 రకాలు, కీలు తప్పేవి 6 రకాలు అన్నాడు. పిండి అయిపోయినది చూర్ణితం, వంగిపోయినది వక్రం, గుర్రం చెవిలా లేచినది అశ్వకర్ణం. ఇవి గుడిలో కూర్చుని రాసిన పేర్లు కావు, విరిగిన చెయ్యిని వేళ్ళతో తడిమి చూసినవాడి పేర్లు.

మన బడి పుస్తకాల గురించి ఒక మాట చెప్పాలి, మంచి మాటే. కీళ్ళ పాఠంలో బంతి గిన్నె కీలు, మడతబందు కీలు, బొంగరపు కీలు అని రాశారు. తలుపుకు మడతబందు బిగించిన వడ్రంగి కొడుక్కి మోచెయ్యి ఒకవైపే ఎందుకు వంగుతుందో మాస్టారు చెప్పనక్కర్లేదు. ఆ పిల్లవాడే ఇంటర్‌కి వచ్చేసరికి ఆ మాటలు మాయం. డాక్టరయ్యాక రోగితో మాట్లాడేటప్పుడు కూడా తిరిగి రావు. మన హైదరాబాదులోనే ఉస్మానియాలో ఉర్దూలో వైద్యం నేర్పిన రోజులున్నాయి. 2022లో మధ్యప్రదేశ్‌లో ఎంబీబీఎస్‌కు హిందీ పుస్తకాలు తెచ్చారు. అందులో సాంకేతిక పదాలను చాలావరకు ఇంగ్లీషువే నాగరి లిపిలో పెట్టారు. దాన్ని వెక్కిరించినవాళ్ళతో నేను కలవను. చదువుకునేవాడి పరిభాష వేరు, మంచం మీది మనిషికి చెప్పే మాట వేరు. మొదటిదాని కోసం అకాడమీలు, కమిటీలు, నిఘంటువులు ఉన్నాయి. రెండోదాని గురించి ఆలోచించినవాళ్ళు నాకు పెద్దగా కనపడలేదు. అది ఓపీ గదిలో, మందుల షాపు గుమ్మంలో, స్కానింగ్ సెంటర్ బల్ల మీద దానంతట అది పుట్టేస్తోంది.

అలా పుట్టిన మాటల్లో అన్నిటికన్నా పెద్దది "అరిగింది".

మోకాళ్ళ నొప్పితో వచ్చిన యాభై దాటిన మనిషికి ఎక్స్‌రే తీస్తాం. తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య సందు తగ్గి ఉంటుంది. ఫిల్మును వెలుతురుకు ఎత్తి "గుజ్జు అరిగిందమ్మా" అంటాం. నేనూ అన్నాను, మీరూ అంటున్నారు. చటుక్కున అర్థమవుతుంది కాబట్టి అంటాం. ఆవిడకు ఏం అర్థమైంది? టైరు అరిగింది. అరిగిన టైరును ఏం చేస్తాం? తక్కువ తిప్పుతాం. ఆవిడ గుడికి నడవడం మానేస్తుంది, మేడ మెట్లు మానేస్తుంది, కూర్చున్న చోటికి కాఫీ తెప్పించుకుంటుంది. ఆరు నెలలకు బరువు పెరిగి, తొడ కండ చిక్కి, అప్పటికన్నా ఎక్కువ నొప్పితో తిరిగి వస్తుంది. అప్పుడు మనం "ఇంకా అరిగింది" అంటాం.

లోపల జరిగేది అది కాదు. ఎముక చివర తొడుగులా ఉండే మృదులాస్థికి రక్తనాళాలు లేవు. దానికి తిండి కీలులోని జిగురు ద్రవం నుంచే అందాలి. అడుగు వేసినప్పుడు ఆ తొడుగు నొక్కుకుంటుంది, ఎత్తినప్పుడు ఉబ్బుతుంది, ఆ రాకపోకల్లోనే ద్రవం లోపలికి పోతుంది. కదలిక ఆగితే తిండి ఆగినట్టే. కీలు మీద బరువును కాచేది తొడ ముందు కండ. అది బలంగా ఉంటే నొప్పి తగ్గుతుంది. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద పడే భారం సుమారు 4 కిలోలు తగ్గుతుందని అమెరికాలో కొలిచి చూశారు. అంటే ఈ జబ్బుకు మొదటి మందు నడకా, తొడ కండకు వ్యాయామమూ, బరువు తగ్గడమూను. మనం పెట్టిన పేరు మాత్రం కదలొద్దని చెబుతోంది. మందు చీటీలో ఒకటి రాసి నోటితో దానికి ఎదురు చెబుతున్నాం. అచ్చ తెలుగు మాటే, కాని చెడ్డ మాట.

నేను చివరి రోజుల్లో "కీలు బిగిసింది, కండ చిక్కింది, కదిలిస్తే సాగుతుంది" అనేవాణ్ణి. పూర్తి శాస్త్రం అందులో లేదు. కాని విన్నవాళ్ళలో కొందరైనా నడిచేవారు.

దీనికి తోడు "చిప్పలు మార్చారు" అనే మాట ఒకటుంది. పెళ్ళిళ్ళలో ఇద్దరు పెద్దవాళ్ళు కలిస్తే "మా వదినకు రెండు చిప్పలూ మార్పించాం" అని చెప్పుకుంటారు. ఆపరేషన్‌లో తొడ ఎముక చివరకు లోహపు తొడుగు వేస్తాం, కాలి ఎముక పైన ఒక పళ్ళెం బిగిస్తాం, ఆ రెంటి మధ్య గట్టి ప్లాస్టిక్ దిమ్మ పెడతాం. చిప్పను చాలాసార్లు ఉన్నచోటే ఉంచుతాం, అవసరమనుకుంటే దాని వెనక చిన్న బొత్తాము లాంటిది అతికిస్తాం. అంటే అందరూ మార్చారనుకునేది ఎక్కువగా మార్చనిదే! ఈ పొరపాటు వల్ల పెద్ద నష్టమేమీ లేదు గనక నేను ఎవరినీ దిద్దలేదు. అన్ని తప్పుమాటలూ సరిదిద్దాలని లేదు.

"జారింది" మాత్రం నష్టం చేస్తుంది. వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ బిళ్ళలా పక్కకు జారిపోదు. దాని చుట్టూ ఉన్న గట్టి పట్టీ చిట్లి లోపలి మెత్తటి పదార్థం వెనక్కి ఉబ్బి నరాన్ని నొక్కుతుంది. కాల్లోకి దిగే నొప్పికి ఇదీ ఒక కారణమని 1934లో మిక్స్టర్, బార్ అనే ఇద్దరు బోస్టన్ వైద్యులు నిరూపించారు. మామూలు జనానికి "స్లిప్డ్ డిస్క్" అన్న పేరు నోటికి పట్టింది. అది తెలుగులోకి వచ్చి "డిస్క్ జారింది" అయింది. జారినదాన్ని ఏం చేయాలి? తోసి చోటులో పెట్టాలి. అందుకే వీపు మీద మోకాలు ఆనించి నొక్కేవాళ్ళ దగ్గరికి, మెడ ఫటుక్కున తిప్పేవాళ్ళ దగ్గరికి పోతున్నారు. నిజానికి వీళ్ళలో ఎక్కువమందికి కొన్ని వారాల్లో కత్తి పెట్టకుండానే నొప్పి తగ్గుతుంది. ఉబ్బిన ముక్క చాలాసార్లు దానంతట అదే కుదించుకుపోతుంది. కాళ్ళల్లో బలం తగ్గినా, మల మూత్రాల మీద అదుపు పోయినా అది వేరే కథ, ఆ రోజే రావాలి. ఆ రెంటికీ తేడా "జారింది" అన్న మాటలో ఎక్కడా లేదు.

ఎమ్మారై వచ్చాక ఇది ముదిరింది. ఏ నొప్పీ లేని మనుషుల వెన్నులకు తీసిన స్కాన్‌లను కలిపి చూసిన ఒక పరిశీలన 2015లో అచ్చయింది. ఇరవయ్యేళ్ళ వాళ్ళలో 37 శాతం మందికి, ఎనభయ్యేళ్ళ వాళ్ళలో 96 శాతం మందికి డిస్కుల్లో మార్పులు కనపడ్డాయి. నొప్పి లేనివాళ్ళకు, గుర్తుంచుకోండి. జుట్టు నెరవడం జబ్బైతే ఇదీ జబ్బే. కాని రిపోర్టు కాగితం మీద "డీజెనరేటివ్" అని పడితే ఇంట్లో కంప్యూటర్ చదువు చదివిన కుర్రాడు దాన్ని వెతికి "క్షీణిస్తోంది" అని అమ్మకు చెబుతాడు. ఆమె ఆ రాత్రి నిద్రపోదు. మడమ నొప్పి వాళ్ళది కూడా ఇదే బాధ. ఎక్స్‌రేలో చిన్న ముల్లులా కనపడితే "ఎముక పెరిగింది" అంటాం. దాన్ని కోసి తీసేయమని వస్తారు. అరికాలి కింద సాగే పట్టీ వాయడం వల్ల వచ్చే నొప్పి అది. ముల్లు ఉండి నొప్పి లేనివాళ్ళు బోలెడుమంది.

ఇంగ్లీషు మాట చేసే చెరుపు కూడా చెప్పకపోతే పక్షపాతం అవుతుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ మెడ పట్టినా, నడుము పట్టినా, దిండు ఎత్తు ఎక్కువై భుజం లాగినా ఒకటే పేరు, స్పాండిలైటిస్. బస్సులో పక్క సీటు మనిషి కూడా ఈ నిర్ధారణ చేస్తాడు. వయసుతో వెన్నుపూసల్లో వచ్చే మార్పు పేరు స్పాండిలోసిస్. చివర "ఐటిస్" ఉంటే అర్థం మారుతుంది. అది ఒళ్ళు తన మీద తనే తిరగబడి వాపు పుట్టించే జబ్బు. ఆంకైలోసింగ్ స్పాండిలైటిస్ ఎక్కువగా కుర్రవాళ్ళకు వస్తుంది. తెల్లవారుజామున నడుము నొప్పితో మెలకువ వస్తుంది, లేచాక అరగంట పైన ఒళ్ళు బిగదీసుకుని ఉంటుంది, విచిత్రంగా పని చేసినకొద్దీ తేలిక పడుతుంది, పడుకుంటే పెరుగుతుంది. ఏళ్ళ తరబడి వదిలేస్తే పూసలు ఒకదానికొకటి అతుక్కుని ఎక్స్‌రేలో వెన్ను వెదురు గడలా కనపడుతుంది. హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యు లక్షణంతో దీనికి చుట్టరికం ఉందని 1973లో తేలింది. ఇవాళ మంచి మందులున్నాయి.

ఇరవై మూడేళ్ళ లారీ క్లీనర్ ఒకడు వచ్చాడు. "నాకు స్పాండిలైటిస్ సార్" అన్నాడు వస్తూనే. ఆ మాట రోజూ విని విని ఉన్న చెవి కదా, తేలిగ్గా తీసుకోవడం సహజం. అతనికి ఉన్నది నిజంగా అదే! ఇంతకు ముందు చూసినవాళ్ళంతా ఆ పేరే అన్నారు, ఎవరూ ఆ జబ్బును ఉద్దేశించలేదు. పేరు సరైనదే అయినా అందరికీ పంచిపెట్టడం వల్ల దాని విలువ పోయింది. తోమి తోమి బొమ్మ చెరిగిన నాణెం అది. అతని మెడ అప్పటికే సగం బిగిసింది. పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూసేవాడు.

అలా ఒళ్ళంతా తిప్పి చూసేవాళ్ళు ఊళ్ళకు ఊళ్ళే ఉన్న ప్రాంతం మనకు దగ్గర్లోనే ఉంది. నల్గొండ సంగతికి వస్తున్నాను.

తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలని మన ప్రమాణం. వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. గ్రానైట్ రాళ్ళ నేలల్లో, వాన తక్కువైన చోట, బోర్లు లోతుకు పోయినకొద్దీ అది పెరుగుతుంది. ఎముకలో ఉన్న కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికంలోకి ఫ్లోరైడ్ చొరబడి కూర్చుంటుంది. ఎముక చూడ్డానికి దట్టంగా, ఎక్స్‌రేలో తెల్లగా కనపడుతుంది, కాని పెళుసు. ఎముకలను కలిపి కట్టే పట్టీలు సున్నంలా గట్టిపడతాయి. ముంజేతిలో రెండు ఎముకల మధ్య పొర ఉంటుంది. ఆ పొర అంచు ఎక్స్‌రేలో రంపపు పళ్ళలా తెల్లగా లేచి కనపడితే ఇక సందేహం అక్కర్లేదు. పిల్లల పళ్ళ మీద గోధుమ చారలు ముందు వస్తాయి. నడివయసుకు మెడ తిరగదు, నడుము వంగదు, కింద పడ్డ చెంబు తీయడానికి పక్కవాళ్ళను పిలవాలి.

మన దేశంలో ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బును మనుషుల్లో మొదట వర్ణించింది 1937లో షార్ట్, ఆయన సహచరులు. మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో, అంటే ఇప్పటి ప్రకాశం ప్రాంతపు ఊళ్ళలో. ఆ పల్లెల్లో అప్పటిదాకా అది వాతం. నల్గొండలోనూ 1955 నాటికే దీని మీద వైద్య పత్రికల్లో రాశారు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్‌లో ఒక వ్యాసం అచ్చువేశారు. ఫ్లోరోసిస్ ఉన్న పల్లెల్లో ఎదిగే వయసు పిల్లలకు మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయని, వెన్ను దట్టంగా ఉన్నా కాళ్ళ ఎముకలు గుల్లబారాయని గుర్తించారు. లాటిన్‌లో జెను వాల్గమ్. తెలుగులో ముట్టికాళ్ళు. జొన్న తిండిలోని మాలిబ్డినమ్, ఒంట్లో రాగి తగ్గడం దీనికి తోడయ్యాయేమోనని కూడా వాళ్ళు అనుమానించారు.

నేను చూసింది ఏమిటంటే, ఆ పల్లెల్లో అక్షరం రాని ముసలమ్మ కూడా వాతం అన్న మాట వదిలేసి "ఫ్లోరిన్" అంటుంది. "ఫ్లోరిన్ నీళ్ళు తాగి గిట్లయినం బిడ్డా" అంటుంది. కెమిస్ట్రీ మాస్టారు వింటే ఫ్లోరిన్ వాయువు, నీళ్ళలో ఉండేది ఫ్లోరైడ్ అని దిద్దుతారు. దిద్దనవసరం లేదు. ఏ కమిటీ తయారుచేయని ఆ పరాయి మాట ఊరి నోట్లో నానింది. ఎందుకు నానింది? జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో అందులోనే ఉంది కాబట్టి. వాతం అంటే నా ఒంటి దోషం, నా కర్మ. ఫ్లోరిన్ అంటే బోరు నీళ్ళ దోషం. మొదటిదానికి తైలం రాసుకోవాలి, రెండోదానికి కలెక్టర్ ఆఫీసు ముందు కూర్చోవాలి. కూర్చున్నారు కూడా, దశాబ్దాల పాటు. పటికా సున్నమూ కలిపి నీళ్ళు తేర్చే పద్ధతిని నాగపూర్ నీరీ సంస్థ 1970ల్లో రూపొందించింది. దాని పేరు ప్రపంచంలో ఎక్కడ చదివినా నల్గొండ టెక్నిక్కే. టాంజానియాలోనూ అదే పేరు. తర్వాత కృష్ణా నీళ్ళు పైపుల్లో వచ్చాయి. ఆ నీళ్ళు పిల్లల ఎముకల్ని కాపాడతాయి గాని, బిగిసిన వెన్నును వంచలేవు. ఏ మందూ వంచలేదు.

యాస విషయం కూడా ఇక్కడే చెప్పాలి. తెలంగాణలో ఎముకను బొక్క అంటారు. కోస్తాలో బొక్క అంటే చిల్లు. గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన పీజీ కుర్రాడు "బొక్కల నొస్తుంది" అన్న రోగి కాలి మీదంతా పుండు కోసం వెతకడం మా వార్డులో అందరూ చెప్పుకునే కథ. నిజంగా జరిగిందో లేదో గాని, జరగదగ్గదే.

నొప్పి మాటల దగ్గర తెలుగు రోగి డాక్టరు కన్నా ముందుంటాడు. సలుపు అంటే లోపల చీము పడుతోందేమో చూసుకోవాలి. రాత్రంతా సలిపి నిద్ర పట్టలేదంటే గుండె చప్పుడుతో పాటు అది కొట్టుకుంటోందని. పోటు ఒక చోట పొడుస్తుంది. పీకుడు, తెలంగాణలో గుంజుడు, అలసిన కండది. నడుము నుంచి పిక్క దాకా జివ్వుమని పాకితే అది నరం. కలుక్కుమంది అంటే ఎప్పుడు ఏ పని చేస్తూ అన్నది కూడా చెప్పేస్తాడు, బిందె ఎత్తుతుండగా అని. మరి మనం ఏం చేశాం? ఒకటి నుంచి పది దాకా అంకె చెప్పమంటున్నాం. ఆ అంకె ఫారంలో గడి నింపడానికి పనికొస్తుంది, కాదనను. ఆరు అన్నవాడికి చీముందో, నరం నొక్కుకుందో అంకె చెప్పదు. ఒక్క "నరం" అన్న మాట దగ్గరే మన భాష చేతులెత్తేస్తుంది. రక్తనాళమూ నరమే, ఎముకకు కండను కట్టే తాడూ నరమే, మెదడు నుంచి వచ్చే తీగా నరమే. "నరం తెగింది" అని వస్తే ముందు వేళ్ళు కదపమనాలి, తర్వాత స్పర్శ చూడాలి, తర్వాత నాడి పట్టి చూడాలి, అప్పుడు గాని ఏ నరమో తేలదు.

"గుల్లబారింది" మంచి మాట, ఆస్టియోపోరోసిస్‌కు అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. గుల్లబారినదాన్ని ఎవరూ ఒళ్ళు మరచి కింద పడేయరు. చిక్కేమిటంటే దాన్ని తోసేసి "కాల్షియం తగ్గింది" వచ్చి కూర్చుంది. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనే ఉంటుంది, రక్తంలో ఉండేది ఆవగింజంత. ఎముకలు గుల్లబారిన మనిషికి రక్తపరీక్షలో కాల్షియం మామూలుగానే వస్తుంది. "పరీక్షలో బాగానే ఉందన్నారు కదా" అని నిశ్చింతగా ఉండి, బాత్‌రూంలో జారి తుంటి విరగ్గొట్టుకుంటారు.

ఇక విరుపుల మాట. "విరగలేదట, ఫ్రాక్చరే అయిందట" అని ఊరట పడేవాళ్ళు మీకు రోజూ తగులుతారు. రెండూ ఒకటేనని చెప్పండి చాలు. నాకు అంతకన్నా ముఖ్యమైనది కట్టు.

మనకు కట్టు కొత్త కాదు. చిత్తూరు వైపు పుత్తూరు దగ్గరి రాచపాళెం, ఈశ్వరాపురంలో తరతరాలుగా పసరూ, గుడ్డుసొనా, వెదురు బద్దలూ పెట్టి కట్టు కడుతున్నారు. మద్రాసు నుంచీ బెంగుళూరు నుంచీ కూడా వస్తారు. మేం కట్టేది పిండికట్టు, కొందరు సిమెంటు కట్టు అంటారు. 1850ల మొదట్లో మాతైసెన్ అనే డచ్చి సైనిక వైద్యుడు కనిపెట్టిన పద్ధతి. ఎవరు కట్టినా, దేనితో కట్టినా ఒక ప్రమాదం రెంటికీ సమానం. విరిగినచోట వాపు పెరుగుతుంది, కట్టు పెరగదు. లోపల ఒత్తిడి పెరిగి కండకు రక్తం అందదు. సుమారు ఆరు గంటలు దాటితే కండ చచ్చిపోవడం మొదలవుతుంది. తర్వాత చెయ్యి పక్షి గోరులా ముడుచుకుపోతుంది, ఇక తెరుచుకోదు. ఈ ముడుచుకుపోవడాన్ని 1881లో ఫోల్క్‌మన్ అనే జర్మన్ సర్జన్ వర్ణించాడు. జామచెట్టు మీంచి పడి మోచేతికి పైన విరగ్గొట్టుకున్న ఐదారేళ్ళ పిల్లల్లో ఇది ఎక్కువ చూస్తాం. చదువు చెప్పేటప్పుడు లోపల ఒత్తిడి పెరిగే ఈ స్థితిని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటాం. అది మన మధ్య అలాగే ఉండనివ్వండి, తెలుగు పేరు పెట్టే శ్రమ వద్దు. బిడ్డ తల్లికి కావలసింది పేరు కాదు.

ఆమె చేతికి ఇచ్చే డిశ్చార్జి కాగితం ఇవాళ్టికీ చాలాచోట్ల ఇంగ్లీషులోనే ఉంటుంది. దాని వెనక ఈ నాలుగు ముక్కలు తెలుగులో, పెద్ద అక్షరాల్లో అచ్చువేయించమని అడుగుతున్నాను.

"వేళ్ళు ఉబ్బినా, చల్లబడినా, రంగు మారినా, తిమ్మిరెక్కినా వెంటనే తీసుకురండి. వేళ్ళు మెల్లగా చాపి చూడండి, బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే తెల్లారేదాకా ఆగకండి. చేతిని దిండు మీద గుండె కన్నా ఎత్తుగా ఉంచండి. కట్టును తడపకండి, లోపల పుల్ల పెట్టి గోకకండి."

గురువుగారి స్మారక నిధి వడ్డీలోంచి ఈ జిల్లాకు సరిపడా కాగితాలు వేయించవచ్చని కోశాధికారిగారు నాతో అన్నారు. సంతోషం. కాకపోతే తెల్లారేదాకా ఆగొద్దని మనమే రాసి ఇస్తున్నాం కాబట్టి, రాత్రి రెండింటికి ఆ తల్లి వచ్చేసరికి కట్టు కోసే రంపమూ, దాన్ని పట్టుకోవడం వచ్చిన మనిషీ క్యాజువాలిటీలో ఉండాలి. సూపరింటెండెంట్‌గారు ముందు వరసలోనే ఉన్నారు. ఆ డ్యూటీ చార్టు కాగితాల కన్నా ముందు తయారుకావాలని ఆయన్ని కోరుతున్నాను.